మనకు 'వెళ్ళాలి' ఒక్కటే, ఇంగ్లీషుకి అరడజను

"నేను వెళ్ళాలి" అని మీరు అన్నారనుకోండి. బస్సు టైమైందని వెళ్ళాలా, ఆఫీసులో రమ్మన్నారని వెళ్ళాలా, దగ్గరి చుట్టాల పెళ్ళికి మొహం చూపించకపోతే బాగుండదని వెళ్ళాలా, లేక కాశీ వెళ్ళాలని ఎప్పట్నుంచో మనసులో ఉందా, ఆ ఒక్క మాటతో తెలియదు. తెలియకపోయినా మనకు ఇబ్బంది ఉండదు, ఎందుకంటే ఎదుటి మనిషికి సందర్భం తెలుసు, మన గొంతు వినిపిస్తోంది. అదే మాట ఇంగ్లీషులో చెప్పాలంటే మాత్రం నోరు తెరిచేలోపే తేల్చుకోవాలి: మస్టా, హావ్ టూనా, షుడ్డా, నీడ్ టూనా, సపోజ్డ్ టూనా, వాంట్ టూనా.

స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసుల్లో దీనికి ఒక పట్టీ ఇస్తారు. కెన్ అంటే గలను, మే అంటే వచ్చు, షుడ్ అంటే ఆలి, మస్ట్ అంటే తీరాలి. అమీర్‌పేటలో చదివినా ఆన్‌లైన్‌లో చదివినా ఇదే పట్టీ, అందరం ఇదే బట్టీ. పట్టీ తప్పని అనను, మొదటి వారానికి పనికొస్తుంది. కానీ దాంతో ఆగిపోతే మనం రాసే మెయిళ్ళు ఎందుకు గరుకుగా ఉంటున్నాయో, వాళ్ళు మెత్తగా రాసిన మెయిళ్ళు మనకెందుకు అర్థం కావట్లేదో ఎప్పటికీ తెలియదు. నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ కంపెనీలో డాక్యుమెంట్లు రాయడం, వేరేవాళ్ళు రాసినవి దిద్దడం. రోజూ ఈ చిన్న చిన్న క్రియలతోనే గొడవ. వాటి దగ్గర నేను అడిగే ప్రశ్నలు మూడే: ఇక్కడ అనుమతి ఎవరిస్తున్నారు, బాధ్యత ఎవరు పెడుతున్నారు, చెయ్యకపోతే ఏమవుతుంది. ఆ మూడూ తేలితే ఏ మాట వాడాలో దానంతటదే తెలుస్తుంది.

సిగరెట్లతోనే చూద్దాం. డాక్టరు గారు "యూ మస్ట్ స్టాప్ స్మోకింగ్" అంటారు. ఆ మస్ట్‌లో ఉన్న అధికారం ఆయనది, ఆ క్షణంలో ఆయనే పెడుతున్న షరతు. పేషెంటు ఇంటికొచ్చి భార్యతో "ఐ హావ్ టు స్టాప్ స్మోకింగ్" అంటాడు, అంటే ఇది నా బుర్రలో పుట్టింది కాదు, బయటి నుంచి వచ్చి పడింది అని. అదే మనిషి తనంతట తాను "ఐ మస్ట్ స్టాప్ స్మోకింగ్" అన్నాడంటే డాక్టరు చెప్పినా చెప్పకపోయినా అతనికే అనిపించిందన్నమాట. బామ్మర్ది "యూ షుడ్ స్టాప్, బావా" అంటాడు, అది సలహా, వింటే విన్నాడు లేకపోతే లేదు. ఇక "ఐయామ్ సపోజ్డ్ టు స్టాప్" అన్నాడంటే జేబులో ప్యాకెట్ ఇంకా ఉందని అర్థం. ఈ ఐదు వాక్యాలూ తెలుగులోకి తెస్తే దాదాపు అన్నీ "మానెయ్యాలి" దగ్గరికే వచ్చి ఆగుతాయి.

మస్ట్‌కీ హావ్ టూకీ మధ్య ఈ తేడా గ్రామర్ పుస్తకాల్లో ఉన్నంత గట్టిగా మాటల్లో ఉండదని కూడా చెప్పాలి. అమెరికా వాళ్ళు మాట్లాడేటప్పుడు రెండు చోట్లా హావ్ టూనే వాడేస్తారు. 1961 నాటి ఇంగ్లీషు రచనల సంకలనాలనీ, వాటికి సరిజోడుగా 1991–92 నాటి రచనలతో చేసినవాటినీ జెఫ్రీ లీచ్ వంటి భాషావేత్తలు పక్కపక్కన పెట్టి చూసినప్పుడు మస్ట్, షల్, మే మూడూ తగ్గుముఖం పట్టినట్టు తేలింది. ఎదుటివాళ్ళ మీద అధికారం చూపించే మాటలు జనం నోట్లోంచి మెల్లగా జారిపోతున్నాయి, వాటి చోట్లోకి హావ్ టు, నీడ్ టు వస్తున్నాయి. కాబట్టి మాట్లాడేటప్పుడు అనుమానంగా ఉంటే హావ్ టు అనెయ్యండి, కొంపేమీ మునగదు. ఒక్క చోట మాత్రం మస్టే అందం: పిలుపుల్లో. "యూ మస్ట్ కమ్ హోమ్", "యూ మస్ట్ ట్రై దిస్ గోంగూర" అంటే అది ఆజ్ఞ కాదు, మన "మీరు తప్పకుండా రావాలి"లో ఉన్న ఆప్యాయతే. అక్కడ హావ్ టు పెట్టినా తప్పు లేదు గానీ, షుడ్ పెడితే పిలుపు చప్పబడిపోతుంది.

ఇప్పుడు మెయిళ్ళ సంగతి. తెలుగులో మర్యాద ఎక్కడ ఉంటుంది? క్రియ చివరి "రు"లో, "అండీ"లో, పేరు పక్కన "గారు"లో, ముందు తగిలించే "కాస్త"లో. "సార్, కాస్త సాయంత్రంలోగా పంపాలండీ" అంటే ఎవరికీ నొప్పి కలగదు, ఎందుకంటే "పంపాలి" అన్న మాటకి చుట్టూ ఇన్ని దిండ్లు పెట్టాం. ఇంగ్లీషులోకి వచ్చేసరికి ఆ దిండ్లన్నీ ఊడిపోతాయి. నువ్వుకీ మీరుకీ కలిపి యూ ఒక్కటే, అండీ లేదు, క్రియ చివర తోక లేదు. మిగిలిన గౌరవమంతా ఆ చిన్న సహాయక క్రియే మొయ్యాలి. మనమేమో పట్టీ చూసుకుని పంపాలి ఈజ్ ఈక్వల్ టు మస్ట్ సెండ్ అని "యూ మస్ట్ సెండ్ ఇట్ బై ఈవినింగ్" అని కొట్టేస్తాం. అవతలివాడికి అది "సాయంత్రంలోగా పంపి తీరాలి, ఏమనుకున్నావో" అన్నట్టు చేరుతుంది. ముందు ప్లీజ్ పెట్టినా, కైండ్లీ పెట్టినా మస్ట్ మస్టే. "కైండ్లీ యూ మస్ట్" అనే విచిత్రమైన కలయిక మన దగ్గర కనిపిస్తుంది చూడండి, ఒక చేత్తో దండం, ఇంకో చేత్తో కర్ర.

దీనికి తిరగబడ్డ కేసు ఇంకా ప్రమాదం. లండన్ నుంచి మేనేజర్ రాస్తాడు, "యూ మైట్ వాంట్ టు టేక్ అనదర్ లుక్ ఎట్ సెక్షన్ త్రీ". మన కుర్రాడు చదువుతాడు. మైట్ అంటే చేస్తే చెయ్యొచ్చు, వాంట్ అంటే ఇష్టమైతే. నాకు ఇష్టం లేదు, ఇంకో పని ఉంది, వదిలేస్తాడు. వారం తర్వాత కాల్‌లో "వై వాజంట్ దిస్ ఫిక్స్‌డ్?" అంటే నోట మాట రాదు. అది అనుమతి రూపంలో వచ్చిన ఆర్డరు. "కుడ్ యూ సెండ్ మీ ద ఫైల్?" అన్నది నీకు ఆ శక్తి ఉందా అని అడగడం కాదని అందరికీ తెలుసు, కానీ "యూ కుడ్ ఆల్సో యాడ్ ఎ టేబుల్ హియర్", "ఇట్ మే బీ వర్త్ చెకింగ్", "సమ్‌వన్ షుడ్ లుక్ ఇంటు దిస్" అన్నవి కూడా ఆ కుటుంబమేనని చాలామందికి చివరిదాకా తట్టదు. ఆ సమ్‌వన్ మీరే. మెయిల్ టు లైన్‌లో మీ పేరొక్కటే ఉంటే ఇక అనుమానమే అక్కర్లేదు. పై అధికారి నోట వచ్చిన మైట్‌కి, తోటి ఉద్యోగి నోట వచ్చిన మస్ట్ కన్నా బరువు ఎక్కువ. మాట ఎంత మెత్తబడితే చెప్పేవాడి కుర్చీ అంత ఎత్తున ఉందని ఒక లెక్క, అన్నిసార్లూ కాదు గానీ చాలాసార్లు.

"యూ బెటర్" గురించి రెండు ముక్కలు. "బస్సులో వెళ్తే బెటర్" అన్న మన మంచి సలహాని "యూ బెటర్ గో బై బస్" అంటాం. ఇంగ్లీషువాళ్ళ చెవికి హ్యాడ్ బెటర్ అంటే, చెయ్యకపోతే అనుభవిస్తావ్ అన్న బెదిరింపు నీడ ఉంటుంది. టికెట్టు గురించి మంచి మాట చెప్పబోయి వార్నింగ్ ఇచ్చినట్టవుతుంది. "ఇట్స్ బెటర్ టు గో బై బస్" అంటే సరిపోతుంది.

కాదు, లేదు అనేటప్పుడు మాత్రం మన భాషదే పైచేయి, ఈ విషయం ఏ గ్రామర్ క్లాసులోనూ ఎవరూ చెప్పగా వినలేదు. "వెళ్ళాలి"కి తెలుగులో వ్యతిరేకాలు రెండు, ఒకదానికొకటి పోలికే లేదు: "వెళ్ళకూడదు", "వెళ్ళక్కర్లేదు". ఒకటి తలుపు మూసేస్తుంది, ఇంకోటి తలుపు తెరిచి నీ ఇష్టం అంటుంది. చదువు రాని ముసలమ్మ కూడా ఈ రెండూ కలిపెయ్యదు. ఇంగ్లీషులో ఆ తేడా రావాలంటే క్రియే మార్చాలి, మస్ట్ నాట్ అంటే కూడదు, డోంట్ హావ్ టు లేదా నీడ్ నాట్ అంటే అక్కర్లేదు. పైకి మస్ట్, హావ్ టు అన్నదమ్ముల్లా తిరుగుతాయి, పక్కకి నాట్ వచ్చేసరికి ఒకడు తూర్పుకి ఒకడు పడమరకి పోతాడు. కాబట్టి నెగెటివ్ వాక్యం రాసే ముందు ఇంగ్లీషులో ఆలోచించడం మానేసి, మనసులో తెలుగులో అనుకోండి. కూడదా, అక్కర్లేదా? గృహప్రవేశం పిలుపులో "గిఫ్టులు తేనక్కర్లేదు" అనబోయి "యూ మస్ట్ నాట్ బ్రింగ్ గిఫ్ట్స్" అని పంపితే, వచ్చేవాళ్ళు చేతిలో స్వీట్ డబ్బా కూడా లేకుండా బెదిరిపోయి వస్తారు. మందుల విషయంలో అయితే ఇది నవ్వులాట కాదు. "యూ నీడ్ నాట్ టేక్ దిస్ విత్ మిల్క్" అంటే పాలతోనే వేసుకోవాలన్న నియమం లేదని, "యూ మస్ట్ నాట్ టేక్ దిస్ విత్ మిల్క్" అంటే పాలతో వేసుకోవద్దని.

జర్మనీ వెళ్ళే మన పిల్లలకి ఇక్కడ ఇంకో గుంట ఉంది. జర్మన్‌లో మ్యుస్సెన్ అన్న క్రియ చూడ్డానికి మస్ట్‌కి కవల పిల్లలా ఉంటుంది. "డు ముస్ట్ నిష్ట్" అంటే యూ మస్ట్ నాట్ అనుకుంటారు. అక్కడ దానర్థం అక్కర్లేదు అని. కూడదు అనడానికి వాళ్ళకి "డార్ఫ్‌స్ట్ నిష్ట్" అని వేరే మాట ఉంది. ఇంగ్లీషు మీదుగా జర్మన్ నేర్చుకుంటే దెబ్బతింటారు, తెలుగు మీదుగా నేర్చుకుంటే తినరు.

జరిగిపోయిన వాటి విషయంలోనూ తెలుగు చక్కగా సాయం చేస్తుంది. "వెళ్ళాల్సి వచ్చింది" అంటే హ్యాడ్ టు గో, ఇష్టం ఉన్నా లేకున్నా వెళ్ళాం. "వెళ్ళాల్సింది" అంటే షుడ్ హావ్ గాన్, వెళ్ళలేదు, ఇప్పుడు బాధ. "వెళ్ళి ఉండాలి" అంటే మస్ట్ హావ్ గాన్, చెప్పులు గుమ్మం దగ్గర లేవు కాబట్టి మన ఊహ. చివరిదాంట్లో బాధ్యత అన్నదే లేదు గమనించండి. మస్ట్ హావ్ పెట్టి నిన్నటి బాధ్యత చెప్పడం కుదరదు, "ఐ మస్ట్ హావ్ గాన్ టు బ్యాంక్ యెస్టర్డే" అంటే బ్యాంకుకి వెళ్ళాల్సి వచ్చిందని కాదు, వెళ్ళానేమో, నాకే గుర్తు లేదన్నట్టు ఉంటుంది.

మస్ట్‌కి భూతకాలం ఎందుకు లేదంటే, అదే ఒకప్పుడు భూతకాలం కాబట్టి. పాత ఇంగ్లీషులో మోటాన్ అని ఒక క్రియ ఉండేది, దాని గతరూపం మోస్తే, అదే అరిగి అరిగి మస్ట్ అయింది. ఆ మోటాన్‌కి అర్థం ఏంటో తెలుసా, అనుమతి ఉండటం. మన "వచ్చు" లాంటి మాట! వందల ఏళ్ళు గడిచేసరికి "చెయ్యొచ్చు" కాస్తా "చేసి తీరాలి" అయిపోయింది. పెద్దవాళ్ళ దగ్గర ఇది రోజూ జరిగేదే అనుకోండి, "కావాలంటే నువ్వు అంట్లు తోమొచ్చు" అని అమ్మ అంటే అది వచ్చు కాదని ఇంట్లో అందరికీ తెలుసు. షల్ మొదట్లో అప్పుపడి ఉండటం, షుడ్‌కి చుట్టమైన ఆట్ (ought) కూడా "ఓ" (owe), అంటే బాకీ ఉండటం అన్న క్రియకి గతరూపమే. అప్పు లోంచి కర్తవ్యం పుట్టింది. ఋణపడి ఉన్నాం అనే మనకి ఇది వింతేం కాదు.

అనుమతి వైపు వస్తే, "మే ఐ కమిన్ సార్" మన బళ్ళలో మొదట నేర్పే ఇంగ్లీషు వాక్యం. దాని వల్ల అనుమతి అడగాలంటే మే తప్ప వేరే లేదని, కెన్ వాడితే మర్యాద తప్పని ఒక భయం జన్మంతా ఉండిపోతుంది. అంత అవసరం లేదు, "కెన్ ఐ" ఇప్పుడు ఎక్కడైనా చెల్లుతుంది, కొంచెం మెత్తగా కావాలంటే "కుడ్ ఐ". కాకపోతే కుడ్‌తో అడగొచ్చు, కుడ్‌తో ఇవ్వకూడదు. "కుడ్ ఐ లీవ్ ఎర్లీ టుడే?" అన్నదానికి జవాబు "యస్, యూ కెన్". "యస్, యూ కుడ్" అంటే వెళ్ళగలవులే, కానీ... అని ఏదో సాగదీస్తున్నట్టు ఉంటుంది. మర్యాద అడిగేవాడి అవసరం, ఇచ్చేవాడు తేల్చి చెప్పాలి. "కెన్ ఏబుల్ టు" అనే తప్పు మీద ఈ పోస్టులో టైం వేస్ట్ చెయ్యను, ఏబుల్ టు తీసేసి కెన్ ఒక్కటే ఉంచండి. "నేను తెరవనా?"కి మాత్రం ఇంగ్లీషు కచ్చితమైన జోడీ ఇచ్చింది, "షల్ ఐ ఓపెన్?", దాన్ని మనవాళ్ళు ఎంత సహజంగా వాడతారంటే, అమెరికన్లు అంతగా వాడరు కూడా.

మే గురించి చెబుతూ సర్కారీ ఇంగ్లీషుని వదిలేస్తే అన్యాయం. మన ప్రభుత్వ ఆఫీసుల్లో ఫైళ్ళ మీద, మెమోల్లో మే అంటే అనుమతి అనుకున్నారో, అయిపోయారు. "హి మే బీ ఇన్‌ఫార్మ్‌డ్ అకార్డింగ్లీ" అంటే అతనికి తెలియజెయ్యి అని. "ఎక్స్‌ప్లనేషన్ మే బీ సబ్‌మిటెడ్ వితిన్ సెవెన్ డేస్" అని మెమో వచ్చిందంటే, ఇష్టముంటే ఇవ్వొచ్చు అనుకుని ఊరుకున్న గుమాస్తా ఎవడూ ఉండడు. "క్యాండిడేట్స్ మే నోట్" అని నోటిఫికేషన్‌లో ఉంటే, గమనించకపోతే మీ ఖర్మ అని. కింది నుంచి పైకి వెళ్ళేటప్పుడు ఇదే మే విన్నపం అవుతుంది, "లీవ్ మే కైండ్లీ బీ గ్రాంటెడ్". పై నుంచి కిందికి జారితే ఆజ్ఞ. మాట ఒకటే, దిక్కుని బట్టి అర్థం. ఇది అలవాటైన మనిషి ప్రైవేటు కంపెనీలో చేరి విదేశీ మేనేజర్‌కి "ఐ మే కైండ్లీ బీ గ్రాంటెడ్ లీవ్" అని రాస్తే ఆయన తల గోక్కుంటాడు, ఎందుకంటే చాలా చోట్ల ఆయన చూసేది "ఐ విల్ బీ ఆన్ లీవ్ టుమారో" అన్న సమాచారాన్ని. పోతే, ఇంటర్వ్యూ అయిపోయాక "యూ మే గో" అన్న మాట మాత్రం ఎవరి నోట విన్నా నాకు చిరాకే. "ఇక వెళ్ళొచ్చు"లో ఎంత దర్పం ఉందో దాంట్లోనూ అంతే ఉంది.

ఇక నా పని. మాటలో గొంతుంటుంది, కాగితంలో ఉండదు, కాబట్టి కాగితాల వాళ్ళు ఈ క్రియలకి కంచెలు కట్టుకున్నారు. ఇంటర్నెట్ ప్రోటోకాళ్ళు, అంటే కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే నియమాలు, రాసేవాళ్ళకి 1997 మార్చిలో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 2119 అని ఒక చిన్న పత్రం ఉంది, చిన్నదంటే నిజంగానే చిన్నది, టీ తాగేలోపు చదివెయ్యొచ్చు. దాంట్లో ఉన్నదల్లా మస్ట్, షుడ్, మే లాంటి మాటలకి అర్థం ఇదీ అని. మస్ట్ అంటే మినహాయింపు లేదు. షుడ్ అంటే సరైన కారణం ఉంటే మానొచ్చు, కానీ మానితే ఏమవుతుందో పూర్తిగా తెలుసుకుని, తూచి చూసుకుని మానాలి. మన టీముల్లో షుడ్ అంటే "టైం ఉంటే చూద్దాం" అని అయిపోయింది, అది వేరే ఏడుపు. మే అంటే నీ ఇష్టం. అయితే అక్కడితో ఆగలేదు, నువ్వు ఆ సదుపాయం పెట్టుకోకపోయినా, పెట్టుకున్న వాడితో కలిసి పనిచేసేలా మాత్రం ఉండి తీరాలి అని మే కిందే మస్ట్ రాశారు. నాకు ఆ పత్రంలో అన్నిటికన్నా నచ్చేది ఇదే. ఒకడికి అనుమతి ఇచ్చామంటే పక్కవాడి మీద ఏదో బాధ్యత పడిందని అర్థం. అపార్ట్‌మెంట్ మీటింగుల్లో "ఫ్లాట్ వాళ్ళు కుక్కని పెంచుకోవచ్చు" అని తీర్మానం రాసేవాళ్ళకి ఇది చదివి వినిపించాలి.

2017లో ఆర్ఎఫ్‌సీ 8174 అని దానికి సవరణ వచ్చింది, పెద్దక్షరాల్లో రాస్తేనే ఆ ప్రత్యేకార్థం, చిన్నక్షరాల్లో ఉంటే మామూలు ఇంగ్లీషు అని. మన లిపిలో పెద్దక్షరాలు లేవు కాబట్టి తెలుగులో ఇలాంటి పత్రం ఎవరైనా రాస్తే బోల్డ్ అక్షరాలే గతి. ఈ మధ్యలో 2013 ఏప్రిల్ ఒకటిన సరదాకి ఇంకోటి వదిలారు, ఆర్ఎఫ్‌సీ 6919. అందులో "మస్ట్, బట్ వీ నో యూ వోంట్" అని ఒక కొత్త స్థాయి ఉంది. చెయ్యాలి, చెయ్యరని మాకు తెలుసనుకోండి అని. హెల్మెట్ గురించి మన ట్రాఫిక్ బోర్డుల మీద రాసుకోవచ్చు.

చిక్కేంటంటే ఒక్కో ఇంటిది ఒక్కో కంచె. ఐఎస్ఓ ప్రమాణాల్లో తప్పనిసరికి షల్ వాడాలి, మస్ట్ వాడకూడదు. బ్రిటన్ రోడ్డు నియమాల పుస్తకం హైవే కోడ్‌లో పెద్దక్షరాల మస్ట్ ఉన్న రూలు వెనకాల చట్టం ఉంటుంది, దాటితే నేరం. షుడ్ ఉన్న రూలు దాటినందుకే కేసు పెట్టరు, కానీ యాక్సిడెంట్ అయి కోర్టుకి వెళ్తే అది మీకు వ్యతిరేకంగా చూపించొచ్చు. అక్కడ డ్రైవింగ్ థియరీ టెస్టుకి చదివే మనవాళ్ళు షుడ్ కనిపించగానే సలహాలే అని దాటేస్తుంటారు, దాటకండి. లండన్ అండర్‌గ్రౌండ్ ఎస్కలేటర్ల దగ్గర "డాగ్స్ మస్ట్ బీ క్యారీడ్" అని బోర్డు ఉంటుంది. కుక్క ఉంటే ఎత్తుకోవాలని వాళ్ళ ఉద్దేశం. అక్షరాలా చదివితే, ఎక్కాలంటే ఎక్కడి నుంచైనా ఒక కుక్కని తెచ్చి ఎత్తుకోవాలి.

అన్నిటికన్నా ఖరీదైన షల్ మన రాజ్యాంగంలో ఉంది. 74వ అధికరణ 1950లో ఎలా ఉందంటే, రాష్ట్రపతికి సలహా ఇవ్వడానికి ప్రధాని నాయకత్వాన మంత్రిమండలి ఉండాలి, అంతే. మంత్రిమండలి ఉండడానికి షల్ పెట్టారు గానీ, ఆ సలహా రాష్ట్రపతి వినడానికి షల్ లేదు. వినాల్సిందేనా అన్న ప్రశ్నని 1960లో రాజేంద్రప్రసాద్ గారే బహిరంగంగా లేవనెత్తారు. బ్రిటన్ సంప్రదాయం ప్రకారం వినాలి అని అందరూ అన్నారు, కానీ కాగితం మీద లేదు. 1976లో 42వ సవరణ వచ్చి ఆ వాక్యం మధ్యలో "హూ షల్" అని ఇరికించింది, సలహా ప్రకారమే నడుచుకోవాలని. ఎమర్జెన్సీ పోయాక 44వ సవరణ దానికి ఒక మే తగిలించింది, ఒకసారి పునరాలోచించమని రాష్ట్రపతి వెనక్కి పంపవచ్చు, అయితే మళ్ళీ అదే సలహా వస్తే షల్, ఒప్పుకోవాల్సిందే. 1979 ఏప్రిల్‌లో ఆ సవరణకి ఆమోదం తెలిపిన రాష్ట్రపతి మన నీలం సంజీవరెడ్డి గారు. ఆ ఒక్క మే ఎంత పని చేస్తుందో 1997లో తెలిసింది, ఉత్తరప్రదేశ్‌లో రాష్ట్రపతి పాలన పెట్టమన్న కేంద్ర మంత్రివర్గం సిఫార్సుని కె.ఆర్. నారాయణన్ వెనక్కి పంపితే మంత్రివర్గం ఆ ఆలోచనే మానుకుంది.

ఇంత బలమైన షల్‌ని కూడా కోర్టులు ప్రతిసారీ "తీరాలి" అని చదవవు, అదీ తమాషా. ప్రభుత్వోద్యోగి మీద క్రమశిక్షణ చర్యకి పబ్లిక్ సర్వీస్ కమిషన్‌ని సంప్రదించాలి అని 320వ అధికరణలో షల్ ఉంది. 1957లో మన్‌బోధన్ లాల్ శ్రీవాస్తవ కేసులో సుప్రీంకోర్టు, సంప్రదించకపోయినంత మాత్రాన ఆ చర్య చెల్లకుండా పోదు అంది. అటువైపు, ప్రజల కోసం ఇచ్చిన అధికారం అయితే మే అని రాసి ఉన్నా దాన్ని షల్‌గా చదివిన సందర్భాలూ ఉన్నాయి. ఈ గందరగోళం పడలేకే దక్షిణాఫ్రికా 1996 రాజ్యాంగంలో షల్ మానేసి మస్ట్ వాడుకుంది, అమెరికా ఫెడరల్ సివిల్ ప్రొసీజర్ రూల్సుని 2007లో తిరగరాసినప్పుడు షల్‌ని ఏరేసి, సందర్భాన్ని బట్టి మస్ట్, మే, షుడ్ పెట్టారు. మన లాయర్లు మాత్రం షల్‌ని వదలరు, స్టాంప్ పేపర్ మీద షల్ లేకపోతే డబ్బులు తీసుకున్నందుకు న్యాయం జరగలేదనుకుంటారు కాబోలు.

అందుకే హైదరాబాద్‌లో అద్దెకుండే ప్రతివాళ్ళ బీరువాలోనూ ఒక షల్ కాగితం ఉంటుంది, పదకొండు నెలల రెంటల్ అగ్రిమెంటు. తీసి ఒకసారి చదవండి. టెనెంట్ పేరు ఉన్న చోటల్లా షల్, షల్ నాట్. ఓనర్ పేరు ఉన్న చోటల్లా మే. అద్దె ఐదో తారీఖులోగా కట్టేది షల్, సబ్‌లెట్ చెయ్యకూడనిది షల్ నాట్, గోడలకి రంగులు వేయించేది మాత్రం మే. నిజంగా చూసుకోవాల్సిన చోట్లు రెండే. డిపాజిట్ వెనక్కిచ్చే వాక్యంలో "షల్ రిఫండ్" ఉందా "మే రిఫండ్" ఉందా, దాని పక్కన ఎన్ని రోజుల్లోనో అంకె ఉందా. రెన్యూవల్ వాక్యంలో "మే బీ రెన్యూడ్ బై మ్యూచువల్ కన్సెంట్" అని ఉంటే మీకు ఏ హామీ లేదు, ఓనర్ సరేనంటేనే. ఆఫర్ లెటర్‌లో నోటీస్ పీరియడ్ దగ్గర కూడా ఇదే వేట. మీరు తొంభై రోజులు పనిచెయ్యడం షల్, జీతం కట్టించుకుని ముందే వదలడం "ద కంపెనీ మే, ఎట్ ఇట్స్ సోల్ డిస్క్రిషన్". కొత్త కంపెనీకి చేరే తేదీ చెప్పే ముందు ఆ మే చదువుకోండి, డబ్బు కట్టడానికి మీరు సిద్ధంగా ఉన్నంత మాత్రాన వాళ్ళు తీసుకోవాలని ఆ కాగితంలో ఎక్కడా లేదు.